పాలుకిచ్చిన పెట్ట

నడిగూడెంలో అమ్మ దినాలయ్యాక వదినలు చీరలు పంచుకుంటుంటే, నేను చుక్కల పెట్టను అడిగాను. ఇద్దరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ! అమ్మ పెంచిన కోళ్ల సంతతిలో మిగిలింది అదొక్కటే. సంచిలో కూర్చోబెట్టి, తల బయటికి ఉంచి, కోదాడలో బస్సు మారి మిర్యాలగూడ తెచ్చుకున్నాను.

మా ఆయన పరశురాములు పని చేసేది రైసు మిల్లులో. నూకలకు కొదవ లేదు. పెట్ట గుడ్లు పెట్టి పొదిగింది. పొద్దున్నే పిల్లల మధ్య కూర్చుంటే అమ్మ వాకిట్లో ఉన్నట్టే ఉండేది నాకు. పక్కింటి సరోజనక్క కుక్క అది ఓర్వలేకపోయింది. ఇంట్లో మాంసం బువ్వ పెట్టినా దానికి పొరుగింటి పుల్లకూరే రుచి. గంప కింద మూస్తే మూతితో గంప ఎత్తేసింది. గంప మీద రాయి పెడితే, నేను రాయి తీసే దాకా కాచుకుంది. పిల్లలన్నీ పోయాయి. ఆఖరికి పెట్ట తోక కూడా పెరికింది.

గోడ దగ్గర నిలబడి అరిచాను. "అక్కా, నీ కుక్కను కట్టేసుకుంటవా లేదా?"

"కుక్కన్నంక తిరగదా పిల్లా? కోడి నీది, కాపలా నాదా?" అంది సరోజనక్క.

ఒళ్లు మండిపోయింది. "ఇగ కోసుకొని తిందాం తీయ్, కుక్క నోట్ల పడేదానికంటె నయం" అన్నాడు మా ఆయన. ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదు.

నా చిన్నప్పుడు మా పక్కింట్లో గొర్లు కాసే లింగస్వామి మామ ఉండేవాడు. ఆయన కుక్కా ఇలాంటిదే. అమ్మ పోట్లాడలేదు. తన పెట్టను ఆయన భార్య చంద్రమ్మత్తకు పాలుకిచ్చింది. పెంపకం వాళ్లది, పిల్లలు పెరిగాక చెరిసగం. "తనింటి కోడిని ఏ కుక్కా ముట్టదు బిడ్డా" అనేది. రోజూ నూకలు కొంగున కట్టుకుని వాళ్లింటికి పోయేది. నేను లేచేసరికి ఆ గడపలో ఇద్దరి నవ్వులు వినిపించేవి.

పెట్టను చంకన పెట్టుకుని బయల్దేరాను. "దొంగ శేతికి తాళాలిస్తున్నవ్" అన్నాడు మా ఆయన. భయం నాకూ ఉంది. ఇది పోతే అమ్మ కోళ్లు ఇక లేనట్టే.

"పాలుకా? నాకా?" సరోజనక్క నోరు తెరిచింది.

"నీకేనక్కా. ఇగ పిల్ల పోతే సగం నీదే పోతది."

ఆ సాయంత్రానికే కుక్క మెడకు తాడు పడింది. పెట్ట మళ్లీ పొదిగింది. పొద్దున్నే నూకలు తీసుకుని పోతే, సరోజనక్క కర్ర పట్టుకుని కుక్కకు బుద్ధులు చెబుతూ కనిపించేది. "చాయ్ తాగి పోరాదు" అనేది. తాగి, ఊరి ముచ్చట్లు చెప్పి వచ్చేదాన్ని. కొన్నాళ్లకు తాడు విప్పేసినా కుక్క ఆ కోడిపిల్లల పక్కనే పడుకునేది.

పిల్లలు పెరిగాయి. సరోజనక్క నా సగం నాకిచ్చింది, మంచివే ఏరి ఇచ్చింది. పెట్టనూ చంకకెత్తుకుని లేచాను.

"దాన్ని ఉండనీయరాదు" అందామె, మొహం పక్కకు తిప్పుకుని. "పొద్దుగాల నువ్వొచ్చి సల్లకుంటె అది నూకలు ముట్టదు."

శుద్ధ అబద్ధం. ఎవరు చల్లినా కోడి తింటుంది. అయినా పెట్టను దించి, మళ్లీ గడపలో కూర్చున్నాను. అమ్మ పోయాక, పిలవకున్నా పోయి కూర్చునే ఇల్లు నాకు ఇక లేదనుకున్నాను.