డిస్కులో వదిన వాటా

డిస్కు మూడింట రెండు వంతులు ఖాళీగా ఉంది. అయినా చోటు లేదంది కంప్యూటర్. పెళ్లి వీడియో ఎడిటింగ్ అంతా పూర్తిచేసి, ఆఖరి ఫైలు తయారవుతుంటే మధ్యలో ఆగిపోయింది. మళ్లీ చేసినా అంతే. చూసి చూసి పెళ్లివాళ్లు కెమెరా కార్డులు పట్టుకుపోయి ఇంకొకరికి ఇచ్చుకున్నారు. వదినకి ఒళ్లు మండదూ మరి!

ఆ డిస్కుని ముక్కలు చేసిన ఘనుడు మరిది. ఇంట్లో కంప్యూటర్ మాట ఎత్తితే చాలు, "ఉండండి, నేను చూస్తా" అని దూకేస్తాడు. కిందటేడు సిస్టమ్ ఎక్కించినప్పుడు సిస్టమ్‌కీ వదిన పనికీ కలిపి నూరు జీబీ పారేసి, తన ఆటలకి నాలుగు వందలు అట్టే పెట్టుకున్నాడు. "వీడియోలకి చాలదేమో" అంటే, "సర్దుకో వదినా" అన్నాడు. మొగుడిదీ అదే పాట, "వాడికి తెలుసులే, సర్దుకో." వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేవాడే ముందు కూర్చుని తినేస్తుంటే ఏం చెయ్యాలి?

ఆ వాటాలు మార్చాలని ఇప్పుడు మళ్లీ కొత్తగా సిస్టమ్ ఎక్కిస్తున్నారు. స్కూలు వార్షికోత్సవం వీడియో రేపటికల్లా ఇవ్వాలి. ఇదీ చెయ్యి జారితే ఆ స్కూలువాళ్లు ఇక ఈ గుమ్మం తొక్కరు. వదిన తన ఫైళ్లన్నీ ముందే వేరే డిస్కులో దాచుకుంది. మరిది దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు. డిస్కుని ఎలా పంచాలో అడిగే తెర వచ్చింది.

"నీకు యాభై పెంచా వదినా. సంతోషమేనా?"

"ఆ పెద్ద ముక్క ఎవరిది?"

"నాది... అంటే, అందరిదీ. మున్ముందు పనికొస్తుంది."

"ఏడాదిగా అందులో ఏముంది?"

"ఒక గేమ్."

"ఆడావా?"

"టైమేదీ?"

వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"లే! నా సంపాదనతో కొన్న కంప్యూటర్లో నా పనికి చోటుండదు, నువ్వు ఆడని ఆటకి మాత్రం అంత చోటా? పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి నన్ను కడిగేస్తుంటే నువ్వెక్కడున్నావు? సిగ్గులేకపోతే సరి! లేవమంటుంటే!"

మొగుడు తలుపు దగ్గరికొచ్చాడు. "ఎందుకే ఆ అరుపులు? చిన్న విషయానికి..."

"మీరు మధ్యలోకి రాకండి. మీ సంగతి తర్వాత తేలుస్తా."

వచ్చినవాడు వచ్చినట్టే వెనక్కి పోయాడు.

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. పెళ్లివాళ్లు వెళ్లిన దగ్గర్నుంచీ ఈ తెర గురించి దొరికిందల్లా చదివి పెట్టుకుంది. ఒక్కో వరసా చదువుకుంటూ పాత ముక్కలు రెండూ తీసేసింది.

"అయ్యో వదినా, తప్పు నొక్కితే మొత్తం పోతుంది!"

"నా పని పోయినప్పుడు లేని కంగారు ఇప్పుడెందుకొచ్చింది?"

సిస్టమ్‌కి కావలసినంత ఇచ్చింది. తన వీడియోలకి అతి పెద్ద ముక్క పెట్టుకుంది. చివర మిగిలిన ముప్పై జీబీ వేరుగా ఉంచి, "ఇది నీకు" అంది.

మరిది మొహం మాడిపోయింది. "ఆ గేమ్ ఒక్కటే డెబ్భై వదినా! ఇందులో ఎలా పడుతుంది?"

వదిన వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"సర్దుకో," అని ఇన్‌స్టాల్ నొక్కింది.