పికప్ వెనకాల తాడు

మా ఆయన రమేష్‌బాబుకి నా మీద ఎంత ప్రేముందో చెప్పలేను గానీ, ఆ డీజిల్ పికప్ మీద ఎంతుందో పేటంతా చెబుతుంది. నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొన్న నెలకే నరసన్నపేట తీసుకెళ్లి దాని ఎత్తు పెంచాడు, లావుపాటి బురద టైర్లు వేయించాడు, ముందూ వెనకా ఇనప బంపర్లు పెట్టించాడు. అది చాలనట్టు వెనక బంపర్ మధ్యలో నా పిడికిలంత కొక్కెం వెల్డింగ్ చేయించి ఎర్రరంగు కొట్టించాడు. ఆ ఎరుపు మీద కాస్త మట్టి అంటితే చాలు, ఆయన మొహం మాడిపోయేది.

చేపల పెట్టెలు మార్కెట్‌కి తోలడం, బోట్లను ఇసకలోంచి పైకి లాగడం ఆ బండి పని. ఉప్పునీళ్లలో దిగొచ్చిన బండిని మంచినీళ్లతో కడగడం నా పని. ఆరోజు పొద్దున కడుగుతుంటే కొక్కెం మొదట్లో, వెల్డింగ్ చుట్టూ సన్నటి చీలిక కనిపించింది. గుడ్డతో రుద్దితే తుప్పునీళ్లు కారాయి.

"బావా, ఈ కొక్కెం ఊడొచ్చేలాగుంది. సూడు" అన్నాను.

"రంగు పగిలుంటాదే. నీకన్నీ భయాలే" అన్నాడు టీ తాగుతూ. వంగి చూడనైనా లేదు. నాకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. వాయుగుండం వస్తోందని రెండ్రోజులుగా చెబుతూనే ఉన్నారు. అందరి బోట్లూ పైకి చేరాయి. మా మరిది ఎర్రన్న బోటు ఒక్కటే రాలేదు. చివరికి వచ్చింది గానీ, అలలు విరిగేచోట ఇంజిన్ ఆగిపోయి అడ్డం తిరిగింది. ప్రతి అలకీ నీళ్లు లోపల పడుతున్నాయి. కూడా వెళ్లిన ఇద్దరూ బోటుకి కట్టిన తాడు కొస పట్టుకుని ఒడ్డుకి ఈదుకొచ్చారు. ఎర్రన్న మాత్రం బోటు వదిలి రానని ఇంజిన్ దగ్గరే కూర్చున్నాడు.

రమేష్‌బాబు బండిని వెనక్కి నడుపుతూ తడి ఇసకదాకా దించాడు. చక్రాలు సగానికి కూరుకుపోయాయి.

"కొక్కేనికి కట్టకు బావా. కిందకి దూరి ఛాసిస్‌కి కట్టు" అన్నాను.

"దూరడానికి సందేదే? బండి పొట్ట ఇసకలో ఉన్నాది. ఒక్క లాగుడికి ఆగుతాదిలే" అని కొక్కేనికే ముడేసి, బండెక్కి అద్దాలు పైకెత్తేశాడు.

మా పేటలో ఒక పద్ధతుంది. బోటు ఒడ్డుకొస్తుంటే తాడు మీద చెయ్యి వెయ్యని మగాడు ఉండడు. మాటల్లేని ఇంటివాళ్ల బోటైనా సరే, వచ్చి చెయ్యి వెయ్యాల్సిందే. చేతులతోనే లాగిన రోజుల్లో తాడు తెగితే అందరూ వెల్లకిలా పడి నవ్వుకునేవాళ్లట. ఇప్పుడు లాగేది బండి. అయినా చేతులు తాడుని వదల్లేదు. ఆరోజు కూడా మగాళ్లంతా వరసగా వచ్చి పట్టుకున్నారు. అందరికంటే ముందు, బోటుకి దగ్గరగా, మోకాలి లోతు నీళ్లలో మా మామ నూకయ్య నిలబడ్డాడు. అలల్లో కొట్టుకుంటున్నది ఆయన చిన్నకొడుకు బోటు.

బండి గర్జించింది. తాడు బిగిసి సన్నబడింది, అందులోని నీళ్లు బయటికి చిమ్మాయి. నేను కొక్కెం వైపే చూస్తున్నాను. పొద్దున వెంట్రుకంత ఉన్న చీలికలో ఇప్పుడు నా గోరు పడుతుంది. ఆ ఇనప ముద్ద ఊడితే ఎటు పోతుందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. తాడు వెంటే పోతుంది. తాడు వెంట మనుషులున్నారు.

పరిగెత్తి బండి తలుపు మీద దబదబా బాదాను. రమేష్‌బాబు అద్దం కొంచెం దించాడు.

"ఇప్పుడాపితే బోటు తిరగబడతాది. ఎర్రన్న పోతాడే" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఆయనన్నదీ నిజమే.

మగాళ్ల దగ్గరికి పరిగెత్తాను. "తాడొదిలెయ్యండి, దూరంగా పొండి, కొక్కెం ఊడిపోతన్నాది" అని అరిచాను. గాలికి సగం మాటలు కొట్టుకుపోయాయి. విన్నవాళ్లు కూడా కదల్లేదు.

"తాడొదిలెయ్యమంటావేటి గుంటా, నీ మరిదే కదా అక్కడున్నాది" అన్నాడు మామ, వెనక్కి తిరక్కుండానే.

ఇంక వీళ్లకి మాటలు పనికిరావని అర్థమైంది. మా పేటలో ఆడది తాడు దాటకూడదు. దాటితే పసుపునీళ్లు చల్లేదాకా ఆ తాడుని ఏ మగాడూ ముట్టడు. పెళ్లైన కొత్తలో తెలియక దాటబోతే మా అత్త నా జబ్బ పట్టి వెనక్కి ఈడ్చింది. నేను చీర ఎగ్గట్టాను. తాడు నడుమెత్తున ఉంది. దాని మీద బోర్లా పడ్డాను. అది నా పొట్ట కింద వణుకుతోంది. ఇప్పుడే ఊడితే నేను రెండు ముక్కలే అనుకున్నాను. అవతలికి దొర్లి, లేచి, గట్టు మీదికి పరుగందుకున్నాను.

చేతులన్నీ ఒక్కసారే తాడుని వదిలేశాయి. తిట్లు నా వెంటపడ్డాయి, తిట్ల వెనకే మనుషులు. మామ కూడా నీళ్లలోంచి వచ్చి నా వెనకాల పరిగెడుతున్నాడు.

అప్పుడు ఏదో పేలినట్టు చప్పుడైంది. ఎర్రటిదేదో మెరిసి మాయమైంది. తిట్లు ఆగిపోయాయి.

అప్పటికే బోటు చాలా దూరం వచ్చేసింది. పెద్ద అల ఒకటి దాన్ని ఎత్తి ముక్కు ఇసకకి ఆనేలా పడేసింది. ఎర్రన్న నీళ్లలోకి దూకి దగ్గుకుంటూ నడిచొచ్చాడు.

కొక్కెం బోటు ముక్కులో దిగబడి ఉంది. మామ వెళ్లి దాని పక్కన నిలబడ్డాడు. ముందు కొక్కెం మీద చెయ్యి పెట్టాడు, తర్వాత తన గుండె మీద పెట్టుకున్నాడు. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. రమేష్‌బాబు బండి దిగి అది చూశాడు, బంపర్‌కి ఆనుకుని మొహం కప్పుకున్నాడు.

బోటు ఇంకా అలల్లోనే ఉంది. మగాళ్లు బండి కింద ఇసక చేతులతో తోడారు. రమేష్‌బాబు దూరి ఛాసిస్‌కి తాడు కట్టాడు. మా అత్త పసుపునీళ్లు తెచ్చి తాడు మీద చల్లింది. చల్లగానే, అలవాటు కొద్దీ, చేతులన్నీ మళ్లీ తాడు మీదికి వంగాయి.

"ఆగండి" అన్నాడు మామ. చుట్టూ చూసి నన్ను వెతికి పట్టుకున్నాడు. "యమునా, ఇలగ రా అమ్మా. తాడు దాటు."

ముందుసారి ఎలా దాటానో నాకే తెలీదు. ఇప్పుడు తాడు ఇసక మీద వదులుగా పడి ఉన్నా కాలు లేవలేదు. మామ నా చెయ్యి పట్టుకుని దాటించాడు. తాడు మీదికి వంగిన చేతులన్నీ వెనక్కి తగ్గాయి.