ఇరవై ఒక్క బారల ఏరు

తడిసిన తాడు వాసన.

బురద, నాచు, జనపనార... మూడూ కలిసిన వాసన. తాళ్ళాయన అరచేతుల్లోంచి అది ఏనాడూ పోలేదు. సబ్బుకి లొంగలేదు, పెళ్ళాం సణుగుడుకీ లొంగలేదు.

ఊరి కొలతలన్నీ ఆ చేతుల మీదుగా వెళ్ళినవే. అసలు పేరు మరిచిపోయి అందరూ తాళ్ళాయన అనే పిలుస్తారు.

ఉత్తరాన రాళ్ళ గుట్ట. దక్షిణాన రైలు ఆగని స్టేషను. పడమట బీళ్ళు. తూర్పున ఏరు.

మొత్తం రెండు చదరపు మైళ్ళు, మీద ఒక పిసరు. ఆ పిసరు గురించి అడిగితే తాళ్ళాయన గంటసేపు చెబుతాడు. అందుకే ఎవరూ అడగరు.

జనం మూడు వందల ముగ్గురు.

మూడు వందలు ఉంటేనే అది పట్టణం. ఒక్కరు తగ్గినా కాదు. సర్కారు నర్సమ్మ వెళ్ళిపోతుంది, బడి మూతపడుతుంది, తాళ్ళాయన కూర్చునే ఆఫీసుకి తాళం పడుతుంది.

ఆ మూడు వందల ముగ్గురిలో ఐదుగురు తాళ్ళాయన అక్క ఇంట్లో ఉన్నారు.

తూర్పున ఏటి గట్టు మీద ఆఖరి ఇల్లు అక్కది. పిండిమర నడిపే బావ, మంచాన పడిన అత్తగారు, కవల ఆడపిల్లలు, అక్క. ముసలావిడకి సూది వెయ్యడానికి నర్సమ్మ రోజూ వచ్చేది.

వచ్చేది... పది రోజుల కిందటి దాకా.

పది రోజుల కిందట ఏరు పొంగింది. పొంగడం దానికి అలవాటే. కానీ వరద తీసేటప్పుడు ఈసారి పాత దారితో సరిపెట్టుకోలేదు. అక్క ఇంటికి ఇవతల, కూరగాయల మడులు కోసుకుంటూ కొత్త పాయ తీసింది.

ఇప్పుడు ఆ ఇంటికి అటూ నీళ్ళే, ఇటూ నీళ్ళే.

చట్టం చాలా చిన్నది. ఏరే పొలిమేర. రెండు పాయలుంటే వెడల్పయినదే ఏరు.

నిన్న అక్కతో కలిసి పాత పాయ కొలిచాడు. పంతొమ్మిది బారలు. ఇవాళ కొత్త పాయ. పంతొమ్మిదికి లోపు వస్తే అక్క ఈ ఊరి మనిషి. మించితే కాదు.

తక్కువ చేసి రాద్దామా అని కూడా అనుకున్నాడు. ఎల్లుండి పై ఆఫీసరు యంత్రం పట్టుకుని వస్తున్నాడు. యంత్రానికి అక్కలు ఉండరు.

తాడుతో కొలవాలంటే ఇద్దరు కావాలి. చిన్నప్పటి నుంచీ అతని తాడుకి అవతలి కొస అక్కే. వాకిలి కొలిచారు, వంటింటి గడప కొలిచారు, ఒకసారి నిద్రపోతున్న తాతయ్యని కొలిచి వీపు విమానం మోత మోగించుకున్నారు. ఉద్యోగం వచ్చాకా అంతే. జీతం అతనిది, కొస ఆవిడది. అబద్ధమాడితే తమ్ముడి గొంతు కీచుమంటుందని కనిపెట్టింది కూడా ఆవిడే.

బావ చిన్న పడవలో వచ్చి కొస పట్టుకెళ్ళి అక్క చేతికిచ్చాడు. తల్లి పిలిస్తే లోపలికి వెళ్ళాడు.

అక్క అవతలి గట్టున నిలబడింది. తాడు బిగిసింది.

బారకొక ముడి, ముప్ఫై ముడుల తాడు. తాళ్ళాయన చేతిలో తొమ్మిది మిగిలాయి. అంటే ఇరవై ఒకటి.

మళ్ళీ చూశాడు. ఇరవై ఒకటే.

“ఎంతరా?” అక్క కేకేసింది.

అతను పలకలేదు. ఆ పలకకపోవడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

తాడు వదులైంది. అలవాటు కొద్దీ లాగి బిగించాడు. చేతిలోకి పదో ముడి వచ్చింది.

తలెత్తి చూస్తే — అక్క మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉంది.

“నీళ్ళలోకి దిగావేంటక్కా! వెనక్కెళ్ళు!”

“నీళ్ళెక్కడివిరా? ఇది నా టమాటా మడి.”

నిజమే. పది రోజుల కిందట అక్కడ టమాటాలే ఉండేవి. బుట్టెడు ఇంటికి తెచ్చుకున్నాడు కూడా.

తాడు మళ్ళీ వదులైంది. పదకొండో ముడి. నీళ్ళు నడుము దాకా వచ్చాయి.

అక్క ముందుకొస్తున్న కొద్దీ ఏరు సన్నబడుతోంది — తాడు మీద. నీళ్ళలో మాత్రం అక్కే తగ్గిపోతోంది.

లాగితే తూలి పడుతుంది. వదిలితే పట్టు పోతుంది. దూకుదామంటే ఈత రాదు. ముప్ఫై ఏళ్ళు ఏటిని కొలిచాడు గానీ ఒక్కనాడూ అందులో దిగలేదు. “బావా!” అని అరిచాడు. ఆ కేక ఇంటి దాకా వెళ్ళలేదు.

“ఎంతో చెప్పు. చెబితే ఆగుతాను.”

ఇరవై ఒకటి అంటే అక్క లేదు, ఊరూ లేదు. ఏమీ అనకపోతే ఇంకో అడుగు వేస్తుంది.

ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచాడు.

“పద్దెనిమిది! పద్దెనిమిదేనక్కా! ఇక వెళ్ళు!”

అక్క ఆగింది.

చెంగు నీళ్ళ మీద తేలుతోంది. తల కొంచెం పక్కకి వంచి వింది, చిన్నప్పుడు వినేటట్టే. ఆ తర్వాత నవ్వింది.

“గొంతు కీచుమందిరా,” అని ఇంకో అడుగు ముందుకు వేసింది.

తాడు మళ్ళీ వదులైంది.

అతను లాగలేదు. వదల్లేదు. ఆ వదులు అలాగే నీళ్ళలోకి జారుతూ ఉంది... చేతుల్లో తడిసిన తాడు, బురద, నాచు, జనపనార...