కాలేజీ పేరున చెక్కు

బెర్నీస్ హుడాక్ మరణవార్తలు కత్తిరిస్తోంది. గురువారం ఊరి వారపత్రిక వస్తుంది. ఉదయం ఏడుంబావుకల్లా దాన్ని హైస్కూలు ఆఫీసు కౌంటరు మీద పరచి, కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, పోయినవాళ్లందరినీ ఒక్కొక్కరినే చదువుతుంది. ఎవరు పోయారన్నది ఆమెకు అక్కర్లేదు. చివరి వాక్యం కావాలి. 'పువ్వులు తేవద్దు, ఆ డబ్బు పిల్లల చదువుకివ్వండి' అని ఎవరైనా రాయించారేమోనని వెతుకులాట. అలాంటి ఇల్లు దొరికితే రెండు వారాలు ఆగి, ఏడుపులు కాస్త సద్దుమణిగాక ఫోను చేస్తుంది. గ్రేబిల్ ఊళ్లో ఉపకార వేతనాలు పుట్టేది అలాగే. అందుకే టీచర్లు ఆమెను చాటున రాబందు అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కూడా ప్రతి క్రిస్మస్‌కూ వాళ్లకు అక్రోటు రొట్టె చేసి పెడుతుంది, అదొక పిచ్చి.

పిల్లల పైచదువుల సంగతి చూడడానికి ఆ ఆఫీసులో సలహాదారు ఒకాయన ఉన్నాడు. నాలుగు వందల మందికి ఒక్కడే కాబట్టి ఎవరికీ లేనట్టే లెక్క. పనంతా గుమస్తా బెర్నీస్‌ది. అరవై మూడేళ్లు, పొట్టి మనిషి, వేళ్ల కణుపులు ఉబ్బి ఉంటాయి. జుట్టు ఇంట్లోనే అద్దం ముందు కత్తిరించుకుంటుంది. గోధుమరంగు స్వెట్టరు జేబులో ఎప్పుడూ తపాలా స్టాంపులు. ఎడమ దవడపన్ను సగం విరిగి ఏడేళ్లయింది, అన్నీ కుడివైపే నములుతుంది. తొడుగు వేయించుకోమని దంతవైద్యుడు ఏటా చెబుతాడు. ఏటా ఏప్రిల్‌లో ఆమె బ్యాంకుకు వెళ్లి, తన జీతంలోంచి ఐదు వందల డాలర్లు తీసి 'రోజ్ బారన్ స్మారక బహుమతి' కింద కట్టి వస్తుంది. రోజ్ బారన్ ఆమె తల్లి. ఆ బహుమతి ఇచ్చేదెవరో బ్యాంకువాళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం.

పద్దెనిమిదేళ్లప్పుడు ఆమెకు టీచర్ల కాలేజీలో సీటు వచ్చింది. తండ్రి బొగ్గుగనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకుని మంచం మీద ఉన్నాడు. వెళ్లలేదు. చొక్కాల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు కాలర్లు కుట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ చేరిన మొదటి వారంలోనే, బీరువా అడుగు సొరుగులో ఒక కాగితం కనబడింది. స్లోవాక్ వలసదారుల క్లబ్బు గని కార్మికుల కూతుళ్లకిచ్చే ఉపకార వేతనం. ఆమె చదువు ముగించిన సంవత్సరానిదే. కింద ఎర్ర సిరాతో 'దరఖాస్తులు రాలేదు' అని ఉంది. ఎలా వస్తాయి, ఎవరైనా చెబితే కదా! ఆ రోజే ఆమె కాగితాన్ని గోడకు అంటించి, కింద ఊళ్లో దొరికే ఉపకార వేతనాల కొత్త జాబితా మొదలుపెట్టింది.

మొదట్లో దాతలు డబ్బు పిల్లల చేతికే ఇచ్చేవారు. ఒక ప్రబుద్ధుడు ఊరి అగ్నిమాపక దళం, అంటే ఫైర్‌హాలు వాళ్లు, ఇచ్చిన డబ్బుతో పాత ట్రక్కు కొని, ఆ ఫైర్‌హాలు ముందే రెండుసార్లు హారను కొట్టుకుంటూ పోయాడు. కాలేజీకి మాత్రం పోలేదు. దాతలు మండిపడ్డారు. బెర్నీస్ గడపగడపకూ తిరిగి, బతిమాలి, అందరిచేతా ఒక నియమం ఒప్పించింది. ఇకమీదట చెక్కు నేరుగా కాలేజీ పేరునే రాయాలి. ఆ నియమం తనదని ఆమెకు కొంచెం గర్వం కూడా.

తొమ్మిదింటికి ఫైర్‌హాలు పెద్ద డుయేన్ వచ్చాడు. మనిషి రాకముందే పాన్‌కేకుల సిరప్పు వాసన వచ్చింది.

"ఇదిగో బెర్నీస్, ఫెడోర్ వాళ్ల పిల్లకి. పదకొండు వందలు. ఈసారి చందాల విందులో పాన్‌కేకులన్నీ మా బావమరిది మాడ్చిపెట్టాడు. అయినా తిన్నారు జనం, పాపం."

"కాలేజీ పేరునే రాశావా?"

"రాయకపోతే నన్ను బతకనిస్తావా తల్లీ నువ్వు?"

దాంతో ఏడు చెక్కులయ్యాయి. కెండ్రా ఫెడోర్‌కు తక్కువపడ్డ నాలుగు వేల డాలర్లూ సరిగ్గా నిండాయి. పేదపిల్ల అని మిగతా ఖర్చుకు కాలేజీయే గ్రాంటు ఇచ్చింది. ఊరి వాగు పాత గనుల తుప్పుతో నారింజ రంగులో పారుతుంది. దాన్ని బాగుచేసే చదువు చదవాలని ఆ పిల్ల కోరిక. ఆ నాలుగు వేల కోసం బెర్నీస్ చలికాలమంతా ఆమెను కూర్చోబెట్టి ఏడు వ్యాసాలు రాయించింది. శవపేటికల వ్యాపారికి 'బతుకు విలువ' మీద రెండు పేజీలు. కారు ప్రమాదంలో పోయిన కుర్రాడి పేరిట ఇచ్చేవాళ్లకైతే వ్యాసం చాలలేదు, వాళ్ల సోఫాలో కూర్చుని వాడి ఫొటోలు గంటన్నర చూడాల్సి వచ్చింది. పోయిన నెల ఆ ఏడింటి పేర్లూ కాలేజీవాళ్ల ఫారంలో దగ్గరుండి నింపించింది కూడా బెర్నీసే. ఏదీ దాచకూడదు తల్లీ, అని మరీ చెప్పింది.

పదిన్నరకు కెండ్రా వచ్చి కౌంటరు మీద ఒక ఉత్తరం పెట్టింది. పొడుగాటి పిల్ల. సాయంత్రాలు వేపుడు అంగట్లో పనిచేస్తుంది, మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు.

"చదవండి మిసెస్ హుడాక్."

ఉత్తరం మర్యాదగా ఉంది. బయటి ఉపకార వేతనాలు సాధించినందుకు అభినందనలు. నియమం ప్రకారం మీకిచ్చే గ్రాంటులో నాలుగు వేలు తగ్గిస్తున్నాం. ఆ బహుమతులు పోను, ఆగస్టులోగా మీరు కట్టాల్సింది ఇంకా నాలుగు వేలు.

బెర్నీస్ రెండుసార్లు చదివింది. "పొరపాటయ్యుంటుంది. నువ్వు క్లాసుకి పో. నేను మాట్లాడతాగా."

కాలేజీ ఫోనులో ఇరవై నిమిషాలు పియానో మోగాక ఒకావిడ పలికింది. తేనె పూసిన గొంతు. "పొరపాటు కాదండీ. బయటి డబ్బు మా పేరున వస్తే, అంతమేరకు మా సహాయం తగ్గుతుంది. ఎప్పణ్ణించో ఉన్న నియమమే."

"ఎప్పణ్ణించి అంటే?"

"నేను చేరి పద్దెనిమిదేళ్లండీ. అప్పటికే ఉంది. మా దగ్గరే కాదు, చాలా చోట్ల అంతే."

బెర్నీస్ ఫోను పెట్టేసింది. గోడ మీద జాబితా వైపు చూడబుద్ధి కాలేదు. మాడిన పాన్‌కేకులు, పూలతోటల సంఘం ఆడవాళ్లు అమ్మిన విత్తనాలు, కొడుకు పోయిన తల్లి కన్నీళ్లు, తన పన్ను. అన్నీ పోగుచేసి, కవర్లలో పెట్టి, తన సొంత స్టాంపులు అంటించి, ఇన్నేళ్లూ కాలేజీల ఒళ్లో పోసి వచ్చింది. పిల్లలకు ఒరిగింది ఎంతో దేవుడికే తెలియాలి. ఆమెకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక తన మీదే మండింది.

మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న క్యాబేజీ నూడుల్స్ ముట్టకుండా డుయేన్‌కు ఫోను చేసింది. "ఆ చెక్కు మార్చి పిల్ల పేరున రాయి డుయేన్. దాని చేతికే ఇద్దాం."

"అదేంటి? ట్రక్కులు కొంటారని ఊరంతా తిరిగి నెత్తీనోరూ బాదుకున్నది నువ్వే కదా?"

"నేనే. తప్పయిపోయింది. మార్చు."

"నా ఒక్కడి చేతిలో ఉందా? కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చునేది సెప్టెంబర్‌లో." కాస్త ఆగి అన్నాడు, "ఒంట్లో బాగుందా నీకు?"

మిగతా ఆరుగురిలో నలుగురు ఇదే మాట అన్నారు. ఇద్దరు ఫోను ఎత్తలేదు. నియమాన్ని ఆమె అంత గట్టిగా బిగించింది మరి.

ఆఖరి గంటకు ముందు కెండ్రా మళ్లీ వచ్చింది. బడి నుంచి తొందరగా వెళ్లాలంటే కౌంటరు మీది పుస్తకంలో సంతకం పెట్టాలి. పేరు రాస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"భోజనాల హాల్లో సైన్యంలో చేర్చుకునేవాళ్లు బల్ల వేశారుగా. పేరిచ్చేశా. సోమవారం పిట్స్‌బర్గ్ తీసుకెళ్తారు. ఒంటి పరీక్షలు, ప్రమాణం, అన్నీ అక్కడే."

"ఇవాళే ఏం తొందర? నేను కనుక్కుంటున్నా కదా. రోజ్ బారన్ బహుమతి ఒకటుంది, అది నీ చేతికే ఇస్తా. అదీ..." బెర్నీస్ కళ్లజోడు తీసి కౌంటరు మీద పెట్టింది. "అది నాదే. రోజ్ బారన్ మా అమ్మ."

"తెలుసండీ. ఆ ఉత్తరాలన్నీ మీ చేతిరాతేగా. అందరికీ తెలుసు."

"అందరికీనా?"

కెండ్రా పేరు పక్కన టైము రాసింది. "మీతో అనొద్దని మా అన్న ఒట్టేయించుకున్నాడు. మీకు గుర్తుందా, నాలుగేళ్ల కింద మీరు వాడికీ ఐదు బహుమతులు ఇప్పించారు. వాడి గ్రాంటూ ఇలాగే కోసేశారు. ఏడాది అప్పు చేసి చదివి, మానేశాడు."

"చదువు ఎక్కలేదన్నాడే నాతో!"

"అలాగే అంటాడు మరి. మీరంత కష్టపడ్డారు, పాపం మీరు బాధపడతారని. వాడి క్లాసువాళ్లూ అంతే. నేనేమో వేరే కాలేజీ కదా, కోయరేమో అనుకున్నా." నవ్వబోయింది, రాలేదు. "నాలుగేళ్లయ్యాక సైన్యం వాళ్లే చదివిస్తారంట. వాగు ఎక్కడికి పోతుంది మిసెస్ హుడాక్, అక్కడే ఉంటుంది."

బెర్నీస్ కౌంటరు చుట్టూ తిరిగి అవతలికి వచ్చేసరికి ఆ పిల్ల వంగి ఆమె భుజం మీద గడ్డం ఒక్క క్షణం ఆనించి, వెళ్లిపోయింది. బయట బస్సులు ఇంజన్లు ఆన్ చేసి నిలబడి ఉన్నాయి. కెండ్రా బస్సు ఎక్కలేదు. రోడ్డు దాటి వేపుడు అంగడి వైపు నడిచింది.

ఊరి పిల్లలు ఇన్నేళ్లూ కాలేజీలో దెబ్బతిని వచ్చి, దారిలో కనబడితే నవ్వి, బాగున్నారా అని పలకరించి, తనకు తెలియకుండా దాచారు. తను వాళ్ల మీద జాలిపడుతున్నాననుకుంది. వాళ్లు తన మీద జాలిపడ్డారు. ఆ దయ ఆమెకు కాలేజీ ఉత్తరం కన్నా ఎక్కువ మంట పెట్టింది. సలహాదారు తలుపు తీసి, తాళాలు వేసేస్తారా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆమె సంతకాల పుస్తకం మూయబోయింది. కెండ్రా ఫెడోర్, రెండూ నలభై, కారణం అన్న గడిలో 'పని'. దాని పక్కనే, సైన్యం వాళ్లు భోజనాల హాల్లో ఊరికే పంచిపెట్టే నల్ల పెన్ను ఒకటి, బంగారు అక్షరాలతో, మూత తీసి ఉంది.