పక్కకు పడుకోబెట్టిన పీట

బహ్రెయిన్‌లో, బుదైయా ఊళ్లోని ఆ విల్లాలో డ్రైవరు షఫీఖ్ ఎవరేమడిగినా ఒకటే జవాబు చెప్పేవాడు: "నేను హైదరాబాదోన్ని." అడగకపోయినా చెప్పేవాడు. అతని ఉంగరాల జుట్టు, ఒంటి కారునలుపు చూసిన ప్రతివాడికీ ముందు ఆఫ్రికాయే గుర్తొచ్చేది మరి. అందులో తప్పేమీ లేదు. అతని ముత్తాతను నిజాం కొలువులో సిపాయిగా ఆఫ్రికా నుంచే తెచ్చారు. వాళ్ల బస్తీకి ఏసీ గార్డ్స్, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అన్న పేరు అలాగే వచ్చింది. ఏసీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, చల్లగాలి మిషనని చెప్పి నవ్వించి తప్పించుకునేవాడు. తండ్రి పెళ్ళి బరాతుల్లో మర్ఫా డప్పు వాయించేవాడన్న సంగతి మాత్రం బహ్రెయిన్‌లో ఒక్క ప్రాణికి కూడా చెప్పలేదు.

రెండేళ్ల కిందట, ఇంటి పనికి కుదిరిన అకోసువాను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చింది షఫీఖే. ఆమెది ఘానా దేశం, అశాంటి జాతి. ఒక సూట్‌కేసు, గుడ్డలో చుట్టిన ఒక మూటతో దిగింది. ఆ మూటను డిక్కీలో పెట్టనివ్వలేదు. షఫీఖ్ మోసుకొచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. అందులో ఉన్నది చిన్న కర్రపీట. కూర్చునే చెక్క రెండు కొసలా పైకి వంగి, అరిగి నునుపు తేలి ఉంది. అది ఆమె తల్లిది. తల్లి పోయిన వారానికే విమానం ఎక్కాల్సి వచ్చింది. ఎవరికి అప్పగించాలో తెలియక వెంట తెచ్చుకుంది. తిరిగి వెళ్లాక కూతురికి ఇవ్వాలి. వాళ్లలో వంశం తల్లి వైపు నుంచే లెక్క.

వంటమనిషి నరసాయమ్మది అమలాపురం పక్క పల్లె. పొద్దున్నే గది ఊడ్చేటప్పుడు ఆ పీట పక్కకు ఒరిగి పడి ఉండటం చూసి, లేపి నిలబెట్టేది. మర్నాటికి మళ్లీ పడి ఉండేది. మూడో రోజున అకోసువా ఆమె చెయ్యి పట్టుకుని, ఇంగ్లీషు ముక్కలతో, సైగలతో చెప్పింది. మనిషి ఆత్మ తను కూర్చునే పీటలోనే ఉంటుందట. లేచాక పీటను పక్కకు పడుకోబెట్టాలట. నిలబెట్టి వదిలేస్తే దారినపోయే ఆత్మ ఏదో వచ్చి కూర్చుంటుందట.

"మా ఇళ్లలో ఖాళీ ఉయ్యాల ఊపనివ్వం. ఇదీ అలాంటిదే అన్నమాట," అంది నరసాయమ్మ. ఆ రోజు నుంచి పీట జోలికి పోలేదు.

ఒక రోజు షఫీఖ్ కారు కడుగుతూ, ఏదో ధ్యాసలో బకెట్టు బోర్లించి వేళ్లతో వాయించాడు. బట్టలు ఆరేస్తున్న అకోసువా చెయ్యి ఆపి వింది.

"ఈ వాయించే చెయ్యి మాది," అంది. "నువ్వు ఏ వారం పుట్టావు?"

"జుమ్మా. శుక్రవారం."

"అయితే నువ్వు కోఫీవి. మాలో శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ. నేను ఆదివారం పుట్టాను, అందుకే అకోసువాను. కోఫీ, మీవాళ్లను ఎవరు అమ్మారు?"

నరసాయమ్మ కిటికీలోంచి కిసుక్కున నవ్వింది. "ఏంటి తమ్ముడూ, చుట్టరికం కలిసిపోయిందే. జుట్టు కూడా అచ్చం ఒకటేలాగుంది."

షఫీఖ్ మొహం మాడిపోయింది. "గట్లనకు అక్కా. నేను హైదరాబాదోన్ని." అకోసువా వైపు తిరిగి, ఇంకోసారి ఆ పేరు పెట్టి పిలవొద్దని వేలు చూపించి మరీ చెప్పాడు. ఆమె మళ్లీ పిలవలేదు. అయినా అతనికి భోజనం వడ్డించేటప్పుడు చేప ముక్క ఒకటి ఎక్కువే వేసేది. అది అతనికి ఇంకా చిరాకుగా ఉండేది.

ఇక మేడం సంగతి. ఆవిడ ఇంగ్లీషు మనిషి. ఆవిడ తాత ఒకప్పుడు అకోసువా వాళ్ల దేశంలో పెద్ద దొర. హాలు నిండా ఆయన తెచ్చిన ఇత్తడి తూనిక రాళ్లు, డోళ్లు, రాచవస్త్రాలు అద్దాల పెట్టెల్లో ఉండేవి. వాటి మీద దుమ్ము తుడిచే పని అకోసువాదే. తన వాళ్ల సొమ్మును తనే తుడిచి మెరిపించేది. వెనకటికి ఒక తెల్లదొర అశాంటి రాజు బంగారు పీట తెచ్చివ్వమన్నాడట, కూర్చుంటానని. రాజు కూడా కూర్చోని పీట అది. దాని కోసం ఒక రాణి ముందు నిలబడి యుద్ధం చేసింది. యుద్ధం ఓడిపోయారు, పీట మాత్రం దొరకనివ్వలేదు. ఈ కథ చెప్పేటప్పుడు అకోసువా తల నిటారుగా ఉండేది.

మేడం కన్ను అకోసువా పీట మీద పడింది. అమ్మమంది. ఆమె అమ్మనంది. మేడం నవ్వి ఊరుకుంది. ఒకనాడు కారులో పోతూ, ఆ పీట ఎప్పుడూ ఎందుకలా పడి ఉంటుందని షఫీఖ్‌ను అడిగింది. తనకు తెలిసింది చెప్పుకోవాలన్న సరదాతో షఫీఖ్ అంతా చెప్పేశాడు. వారాల పేర్లు, కోఫీ ముచ్చట కూడా నవ్వుతూ కక్కేశాడు. తన ముత్తాత సంగతి కూడా అప్పుడే జారింది. మేడం చిన్న పుస్తకంలో రాసుకుంది.

అకోసువా కాంట్రాక్టు అయిపోయింది. ప్రయాణం రోజు ఉదయం, గుడ్డలో చుట్టిన పీటను మేడం హాల్లో బల్ల మీద పెట్టించింది. మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీ నుంచి ఒకతన్ని పిలిపించింది. ఇది మా తాతగారి పీట, ఆయన జాబితాలో ఒక పీట ఉంది చూడండి అంది. "దీన్ని పక్కకు పడుకోబెట్టాలనీ, లేకపోతే వేరే ఆత్మలు కూర్చుంటాయనీ నా చిన్నప్పుడు తాతగారే చెప్పారు," అంది. ఆ మాటలు ఎవరి నోటి నుంచి వచ్చాయో షఫీఖ్‌కు తెలుసు.

అకోసువా అరవలేదు. షఫీఖ్ వైపు చూపించింది. "ఇతను మోసుకొచ్చాడు. ఇతన్ని అడగండి."

ఏజెన్సీ వాడు తిరిగాడు. షఫీఖ్ నోరు తెరిచేలోపు మేడం మెల్లగా అంది. "అతనేం చెబుతాడు? ఇద్దరూ ఒకే జాతి. తన మనిషిని కాపాడుకుంటాడు."

అంతే. ఆ ఒక్క మాట షఫీఖ్ ఒంటికి నిప్పు పెట్టింది. ఉద్యోగం పోతుందన్న భయం లేదని కాదు, ఉంది. కానీ అతన్ని ముంచింది ఆ భయం కాదు, సిగ్గు. నిజం చెప్పాలంటే అది సిగ్గులేనితనం.

"ఆమె నా మనిషి కాదు," అన్నాడు. "నేను ఇండియా వాణ్ణి, హైదరాబాదీని. ఎయిర్‌పోర్టు నుంచి ఒక సూట్‌కేసు తెచ్చాను. పీట నేను చూడలేదు."

వంటింటి గుమ్మంలో నరసాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ వీసా కూడా మేడం చేతిలోదే.

కేసు పెట్టకుండా పంపించడమే మేడం దయ అన్నాడు ఏజెన్సీ వాడు, ఖలాస్ అని ఫైలు మూశాడు. ఎయిర్‌పోర్టుకు షఫీఖే దింపాడు. దారి పొడుగునా అకోసువా ఖాళీ ఒడిలో రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. దిగాక సూట్‌కేసు తనే తీసుకుంది. "నా కూతురికి ఏం చెప్పను, కోఫీ?" అంది. షఫీఖ్ డిక్కీ మూత వేసి, బండెక్కాడు.

మూడు వారాల తర్వాత శుక్రవారం మధ్యాహ్నం విల్లాలో విందు. షఫీఖ్ జుమ్మా నమాజుకు తెల్ల కమీజు ఇస్త్రీ చేసుకుని బయల్దేరుతుంటే మేడం పిలిచింది. ఆవిడ చేతిలో అద్దాల పెట్టెలోంచి తీసిన రంగురంగుల వస్త్రం ఉంది.

"ఇది కట్టుకో. ఒక్క గంట."

"మేడం, నమాజు టైం..."

"నీ వీసా కాగితాల మీద ఆదివారం సంతకం పెడతాను," అంది మేడం, నవ్వుతూనే.

భుజం మీదుగా ఆ వస్త్రం కట్టించింది. కమీజు ముందే విప్పించింది. ఒంటి నలుపు అందరికీ కనపడాలి కదా. హాలు మధ్యలో అకోసువా తల్లి పీట నిలబెట్టి ఉంది. పక్కన ఒక డోలు.

"కూర్చో."

షఫీఖ్ కదలలేదు. ఆ పీట అప్పుడు ఖాళీగా లేదని అక్కడున్న వాళ్లలో అతనికీ, ట్రే పట్టుకుని నిలబడ్డ నరసాయమ్మకూ మాత్రమే తెలుసు. నరసాయమ్మ దగ్గరికొచ్చి, తెలుగులో, పెదవి కదిలీ కదలకుండా అంది. "చెప్పు తమ్ముడూ. హైదరాబాదోణ్ణని చెప్పు."

చెప్పలేకపోయాడు. కూర్చున్నాడు. వేళ్లు డోలు మీద పడ్డాయి. తండ్రి నేర్పిన మర్ఫా దరువే వచ్చింది, అతనికి ఇంకొకటి రాదు. అతిథులు ఫోన్లు ఎత్తారు.

"మా తాతగారి పీట, దాని మీద అసలైన ఆఫ్రికా మనిషి," అంది మేడం. "వీళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఇతను శుక్రవారం పుట్టాడు. కోఫీ, ఇటు చూడు."

షఫీఖ్ తలెత్తాడు.

"యెస్ మేడం," అన్నాడు.