డకోటా మీద తీగ

కృపారావు ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కుగా రిటైరై, అమలాపురం వచ్చాక కర్ర విమానాలు చెక్కడం మొదలుపెట్టాడు. కొలతల పిచ్చి మనిషి. రెక్క నూలుపోగంత ఎక్కువైతే చాలు, ఆ పూట అన్నం సయించదు.

ఎనభై రెండులో కొత్తపేట నుంచి సీమోను గారు కబురంపారు. ఆయనా ఎయిర్‌ఫోర్సే, డకోటా విమానంలో పదిహేనేళ్ళు వైర్‌లెస్ ఆపరేటరుగా చేసిన మనిషి. నిరుడు రెండు కళ్ళూ పోయాయి.

"నా డకోటా ఒకటి చేసిపెట్టు కృపా. చేత్తో చూసుకుంటాను."

నెల్లాళ్ళు చెక్కితే చివరికి ఏరియల్ తీగ మిగిలింది. విమానం నెత్తి నుంచి తోకదాకా బిగించి ఉంటుంది. సీమోను గారు ఆకాశంలోంచి నేలతో మాట్లాడింది దాంతోనే. ఇంత బుల్లి విమానానికి దారం లావు, అరటినార మరీ లావు. భార్య సువర్ణ దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్ని సవరానికని ఉండచుట్టి దాచుకుంటుంది. అందులోంచి పొడుగుది ఒకటి అడిగాడు.

"ఇన్నాళ్ళకి నా జుట్టు మీద కన్ను పడిందా అండీ మీకు" అని నవ్వి ఇచ్చింది.

దాన్ని అతికించడానికి నాలుగు రోజులు పట్టింది. సరిగ్గా కొలతకు కుదిరింది. మురిసిపోతూ కొత్తపేట పట్టుకెళ్ళాడు.

సీమోను గారు ముక్కు తడిమారు, రెక్కలు తడిమారు. వేలు నెత్తిమీదికి రాగానే వెంట్రుక తెగిపోయింది. తెగిన సంగతి ఆయనకు తెలియనే లేదు. తోకదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ వెతికారు. మొహం చిన్నబోయింది.

"అన్నీ పెట్టేవు. నా తీగ ఒక్కటీ మర్చిపోయేవేంటి కృపా?"

కృపారావు తెగిన వెంట్రుక వంక చూశాడు. కంటికి ఆనాలని చేశాడు గాని, చూసేది కళ్ళు కాదని ఒక్కసారీ తట్టలేదు. తనమీద తనకే కోపం వచ్చింది.

"ఆయ్, మర్చిపోయేనండి. రేపు కట్టి తెస్తాను."

ఇంటికొచ్చి గేలానికి కట్టే నైలాను దారం తీశాడు. "అంత లావుదేంటండీ" అంది సువర్ణ. నిజమే, కొలత ప్రకారం అది తీగ కాదు, మోకు. చూసినప్పుడల్లా కంట్లో నలుసు పడ్డట్టే ఉంది. అయినా బిగించాడు.

మర్నాడు సీమోను గారి వేలు దానిమీద ఆగింది. దాన్ని పట్టుకుని మెల్లగా తోకదాకా వెళ్ళింది. గోటితో ఒకసారి మీటి చూశారు.

"ఇదీ. ఇప్పుడు కనపడిందిరా" అన్నారు.

కృపారావు ఆ మోకు వంకే చూస్తూ కూర్చున్నాడు. లావుగానే ఉంది. కొలత సరిగ్గా ఉందనిపించింది.