ఎదుటివాళ్ళ కుడి

పాల కేంద్రంలో ఖాళీ క్యాన్లు గొలుసు మీద తలకిందులుగా వస్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ చెవి పట్టి తిప్పి, ఆవిరి గొట్టం నోటికి చూపించి, పొగలు కక్కుతుండగానే పక్కకు నెట్టాలి. ఆ పని నాన్నది. ఆమె ఎప్పుడూ అవతలి పక్కన నిలబడి, కడిగిన వాటికి మూతలు బిగించేది. ఈ పొద్దు నాన్నకు నడుము పట్టేసి, ఆ పని ఆమె చేతికొచ్చింది. గోడకు ఆనుకుని కూలబడ్డవాడు కూలబడ్డట్టే ఉండి, అక్కణ్ణించే కేకలేస్తున్నాడు.

"మెడ కాదే, చెవి పట్టుకో, చెవి!"

"చెవి మెలేస్తే దారికి రావడానికి ఇవేమన్నా మా బడి దళంలో పిల్లలా నాన్నా?"

నాన్న నవ్వబోయి నడుము పట్టుకున్నాడు.

మేస్త్రీ వచ్చి గొలుసు వంకా, నాన్న వంకా చూశాడు. "నడుం లేనోడికి గొలుసు కాడ ఏం పని? ఇక మీద రెండు పూటలా నిలబడే మనిషి కావాలి నాకు. నీ కూతురొస్తే సరి. లేదంటే గేటు బయట బోలెడుమంది."

"ఇవాళ దానికి పరీక్షండీ. పెద్ద ఆఫీసరొచ్చి కవాతు చూస్తాడంట. నెగ్గితే పై బడికి తీసుకుపోతారు. తిండీ గుడ్డా వాళ్ళే చూస్తారు. ఇక నా ఒక్కడి పొట్టకి ఏదో ఒకటి దొరక్కపోదు."

"నెగ్గకపోతే?"

గొలుసు మోతను మించి ఆమే చెప్పింది. "నేనొస్తా మేస్త్రీగారూ."

పని దిగేసరికి కుడి భుజం బిగుసుకుపోయింది. ఆ పక్క అలవాటు లేని చెయ్యి. చన్నీళ్ళు కుమ్మరించుకుని, తడి జుట్టు మీదే టోపీ పెట్టుకుని బడికి పరుగెత్తింది.

బళ్ళో ఆమె పేరు గుసగుస. ఎనిమిదో తరగతిలో కేడెట్ దళంలో చేరిన కొత్తలో డ్రిల్ మాస్టారు ఒక్కొక్కరి చేతా ఆజ్ఞ చెప్పించారు. ఆమె వంతు వచ్చేసరికి గొంతులోంచి గాలి తప్ప మరేం రాలేదు. ఆగమన్న మాట వినపడక వరస మొత్తం నడుచుకుంటూ పోయి ప్రహరీ గోడకు ముక్కులు ఆనించి నిలబడింది. "ఏమ్మా, రహస్యమా?" అన్నారు మాస్టారు. అంతే, పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు దళానికి ఆమే నాయకురాలు; అరిస్తే మైదానం అవతల సైకిలు మీద పోయేవాడు కూడా ఉలిక్కిపడి బ్రేకు వేస్తాడు. పేరు మాత్రం మారలేదు.

గొంతు పాల కేంద్రంలోనే వచ్చింది. ఆ మోతలో అరవని మనిషి ఉన్నట్టే లెక్క కాదు. మిగతాది మాస్టారు నేర్పారు. ఆజ్ఞకు తలా తోకా ఉంటాయనీ, 'కుడికి' అని తల చెప్పి ఊపిరి బిగబడితే దళం ఊపిరంతా నీ గుప్పిట్లోకి వస్తుందనీ, అప్పుడు 'మళ్ళు' అని తోక వదలాలనీ చెప్పారు. అన్నిటికంటే గట్టిగా చెప్పింది మరొకటి.

"దళానికి ఎదురుగా నిలబడితే నీ ఎడమ వాళ్ళ కుడి. నీ ఒంట్లోంచి చూసి చెప్పావో, కొంప మునిగిందే. వాళ్ళ ఒంట్లో దూరి చూడు."

ఆమె నిజంగానే దూరింది. ఎవరి బూటు మడమ దగ్గర కొరుకుతుందో, ఎవరు పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చారో, ముఖం చూడకుండా నడక చూసి చెప్పేది. ఎడమో కుడో తేల్చుకోలేక ఏడ్చే బొండాంగాణ్ణి వరస మధ్యలో పెట్టింది. అటూ ఇటూ ఉన్నవాళ్ళ భుజాలు చూసుకుని నెట్టుకొస్తాడని. వాడు ఏడో తరగతి. ఒళ్ళు కాస్త భారీ, మనసు పత్తి. "పక్కవాడు తడబడితే అది నీ తప్పు" అని చిన్నవాళ్ళ చేత రోజూ చెప్పించేది. "గొంతు వినపడితే కాలు లేవాలి. మధ్యలో బుర్ర అడ్డం రాకూడదు" అని పెద్దవాళ్ళకు చెప్పేది. ఆ రెండూ ఎప్పుడైనా ఒకదాన్నొకటి ఢీకొంటాయని ఆమెకు తోచలేదు. మాస్టారుకూ తోచలేదు.

ఆఫీసరు ఎండ ముదిరాక వచ్చాడు. నీడలో కుర్చీ వేశారు. ఆయన కూర్చున్న వైపు వీపు పెట్టకూడదు గనక ఆమె దళానికి ఎదురు తిరిగి, వెనక్కి అడుగులు వేస్తూ నడిపించాలి. అదీ సాధన చేసిందే. దళం ఒక్క మనిషిలా కదిలింది. బూట్ల చప్పుడు ఒకే చప్పుడు. మాస్టారు మీసం కింద పెదవి కదలడం ఆమె కంటపడింది. ఆ పెదవి సామాన్యంగా కదలదు.

జెండా కొయ్య దగ్గర దళం కుడికి మళ్ళాలి. ఎడమకైతే ముళ్ళకంచె.

సరిగ్గా అప్పుడే ఆమె భుజంలో నరం పట్టేసింది. పొద్దుట్నుంచీ అణిచిపెట్టిన నొప్పి మెడలోకి పాకి కళ్ళ ముందు మెరుపు మెరిసింది. అంతకాలం వాళ్ళ ఒళ్ళల్లో మసిలిన పిల్లకు ఆ ఒక్క క్షణం తన ఒళ్ళు గుర్తొచ్చింది. తన ఒంట్లోంచి చూసి చెప్పింది.

"ఎడమకి..."

తల బయటపడగానే తెలిసింది. కానీ దళం ఊపిరి అప్పటికే ఆమె గుప్పిట్లో ఉంది. తోక వదలకపోతే అందరూ నేరుగా జెండా కొయ్య మీదికే నడుస్తారు.

"...మళ్ళు!"

పెద్దవాళ్ళు గొంతు విన్నారు. కాలు లేచింది. ఎడమకు మళ్ళి కంచె వైపు నడిచారు. చిన్నవాళ్ళు ఆమె ముఖం చూశారు. అక్క తడబడింది, తడబడితే తప్పు మనది. బొండాంగాడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎవరి భుజమూ చూడకుండా కుడికి మళ్ళాడు. వాడి వెనకే తక్కిన చిన్నవాళ్ళంతా. దళం పాత గుడ్డ చిరిగినట్టు నడిమికి చిరిగింది. ముందు వరసలో పొడుగు జడల పిల్ల కంచెకు చొక్కా చేయి తగిలి చీరుకుపోయినా తల తిప్పలేదు. ఆగమన్న మాట రాలేదు మరి.

"దళం... ఆగు!"

ఆగింది. సగం ఇక్కడ, సగం అక్కడ.

ఆఫీసరు లేచి నిలబడి ప్యాంటు దులుపుకున్నాడు. మాస్టారు ఏదో చెప్పబోయారు. ఆమె ముందుకొచ్చి సెల్యూట్ కొట్టింది.

"తప్పు నాదండీ. కుడి అనబోయి ఎడమ అన్నాను. పిల్లల తప్పు లేదు."

"ఎడమ అన్నావు, సరే. అందరూ ఎడమకు పోయుంటే మార్కులు వేసుండేవాణ్ణి," అన్నాడాయన. కోపమేం లేదు గొంతులో. "నోరు జారని వాడెవడు? కానీ నువ్వొకటి చెప్తే సగం మంది ఇంకోటి చేశారు. నీ మాటకి విలువ లేదమ్మా వీళ్ళ దగ్గర. అలాంటిదాన్ని నేను పైకి పంపలేను."

"అది కాదండీ సంగతి," అన్నారు మాస్టారు.

"మరేంటి సంగతి?"

కవాతు భాషలో దానికి మాట లేదు. ఆఫీసరుకు ఇంకో బడికి పోవాలి. జీపు లేపిన దుమ్ము చాలాసేపు మైదానం మీద నిలబడింది.

పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

"అక్క ఎడమంది! చెవుల్లో దూది పెట్టుకొచ్చార్రా మీరు?" చిరిగిన చేయి ఎత్తి చూపిస్తూ జడల పిల్ల అరిచింది.

"అక్క కుడి అనుకుంది," అన్నాడు బొండాంగాడు. "నాకు తెలుసు. కుడే అనుకుంది. అవునా అక్కా?"

"అవున్రా, కుడే."

"మరి నేను కరెక్టేగా?"

ఆమె వాడి వంక చూసింది. కాదంటే వాడిక జన్మలో సొంతంగా ఏ వైపూ తిరగడు. అవునంటే జడల పిల్ల చొక్కా ఊరికే చిరిగినట్టు.

"నువ్వు తిరిగింది సరైన వైపే," అంది. జడల పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "అది విన్నది కూడా సరైన మాటే. నేను చెప్పిన మాట అది. మీలో ఎవరూ తప్పు చెయ్యలేదు. దీని గురించి రేపు మళ్ళీ పోట్లాడుకున్నారో, వచ్చి ఇద్దరి చెవులూ మెలేస్తా."

"రేపు వస్తావుగా అక్కా? ఇంకో పరీక్ష పెడతారుగా?"

"వరసలో నిలబడండి ముందు."

నిలబడ్డారు. చిన్నా పెద్దా మళ్ళీ ఒకటే దళం. ఆమె ఒక్కొక్కరి ముందూ ఆగి, వంకర టోపీ సర్ది, ఊడిన గుండీ పెట్టింది. బొండాంగాణ్ణి మధ్యలోంచి తీసి వరస చివర నిలబెట్టింది. అక్కడ పట్టుకోడానికి రెండో భుజం ఉండదు. వాడు బిత్తరపోయి చూశాడు గానీ నిలబడ్డాడు. అప్పుడు ఎదురుగా వెళ్ళి, వాళ్ళ ఒంట్లోంచి చూసుకుని, "కుడికి... మళ్ళు!" అంది. ఒకే చప్పుడు. చూసేవాళ్ళు లేరు. ఇక పొమ్మని దళాన్ని విడిచింది.

సామాన్ల గదిలో మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆమె తెరచాటున పాత గౌను తొడుక్కుని, బడి ఇచ్చిన టోపీ, చొక్కా, బూట్లు అన్నీ బల్ల మీద పెట్టింది. నాయకురాలి చారలు దళానివి, చొక్కాకు కుట్టి ఉంచకూడదు. పంటితో దారం తెంపి, వాటిని విడిగా పెట్టింది.

"చారలుండనీ," అన్నారు మాస్టారు ఇటు తిరగకుండా. "వచ్చే ఏడు ఇంకో ఆఫీసరొస్తాడు."

"రాను మాస్టారూ. సాయంత్రం పాలు దిగే వేళయింది."

"నాలుగు రోజులాగి మీ నాన్నతో నేను మాట్లాడతా."

"ఆయన వద్దన్లేదండీ. నడుమే వద్దంది."

మాస్టారుకు సెల్యూట్ కొట్టడానికి చెయ్యి లేవబోయింది. టోపీ లేని తలకు సెల్యూట్ ఉండదని గుర్తొచ్చి దించేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని, మైదానం మధ్యలోంచి కాకుండా, గోడ వారన నడిచి గేటు దాటింది.

మాస్టారు బల్ల మీంచి ఆమె చొక్కా తీసి కొక్కేనికి తగిలించారు. ఉతికి ఉతికి, ఎండకు ఎండి, అది ఎప్పుడో వెలిసిపోయింది. చేతి మీద చారలుండిన చోట మాత్రం, తెగిన దారపు పోగుల మధ్య, గుడ్డ ఇంకా ముదురాకుపచ్చగా, కొన్ననాటి రంగులోనే ఉంది.